తాడు కట్టిన రాయి

కోరుట్ల బస్టాండుల ఒకామె జుట్టు పెరిగిన బిడ్డను ఒళ్లో కూసోబెట్టుకొని, గల్ఫుల ఉన్న భర్తతోని ఫోన్ మాట్లాడుతున్నది. స్పీకర్ పెట్టింది గనుక పక్కోళ్లందరికీ ఇనవడుతున్నది.

“సెలవు మళ్ల బందైందా? పిల్లకు వచ్చే నెల నాలుగో ఏడు పడ్తది. సరి ఏడుల పుట్టెంట్రుకలు తియ్యొద్దంటరు. నువ్వు లేంది రాజన్న గుడికాడికి ఎట్ల తీస్కపోవాలె?”

“నన్నేం జెయ్యమంటవే? గీ దీవిల ఉన్నయే పాతకాలపు రాతి సమాధులు. గవ్విటికి నేనొక్కన్నే కావలి. గిప్పుడు ఇంకో రాయి దొరికిందట.”

“ఏం రాయి?”

“నేను పెట్టిందే. సెలవు దొరకాలని మొక్కి, గక్కడి రాయే ఒకటి నిలవెట్టి, పోచమ్మ తల్లీ అని కూరలేసే పసుపు రాసిన. గాలికి పసుపు వోయింది. మొన్న పెద్దసార్లు వచ్చి, గిది వేల ఏండ్ల కిందటిదని రాసుకున్నరు. తవ్వేదాక కావలోడు కదలొద్దన్నరు.”

“నేనే పెట్టిన్నని చెప్పరాదు?”

“సమాధి రాయి ముట్టిన్నంటే జైలే. చూడొచ్చినోళ్లేమో, ఇంత నిమ్మలమైన జాగల ఉన్నవు, నీ అదృష్టం అంటున్నరు. నా తల పలిగిపోతున్నది.”

“జర ఓపిక పట్టు. పొద్దున లేశి ఆ తల్లికే దండం పెట్టు, పంపిస్తది.”

“ఎట్ల పెట్టాలె? సుట్టూ తాడు కట్టి, కెమెరా పెట్టిండ్రు. దగ్గరికి ఎవరొచ్చినా ఎల్లగొట్టుడే నా డ్యూటీ.”