డబ్బా మీద చెయ్యి

వెర్లిన్ తన ఎడమ చెయ్యి డబ్బా మీద పెట్టాడు. పెట్టినవాడు ఎంతకీ తియ్యలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కెంటకీ కొండల్లోని ఆ ఊళ్ళో తుపాకుల సంత జరిగే హాలుకి ఒక కట్టుబాటు ఉంది. సరుకు మీద ఎవరి చెయ్యి ఉంటే బేరం వాళ్ళది. ఆ చెయ్యి లేచేదాకా పక్కవాడు ధర పలకకూడదు, సలహా ఇవ్వకూడదు, కనుబొమ్మ కూడా ఎగరెయ్యకూడదు. ఓలీటాకి ఈ సంగతి తెలుసు. మొగుడు రాయ్స్ బతికున్నన్నాళ్ళూ శనివారాలన్నీ ఇక్కడే తగలేశాడు. పోతూ పోతూ ఆమెకి వదిలి వెళ్ళింది ఆరు ఇనప డబ్బాలు. లోపల పాత యుద్ధం నాటి రైఫిలు తూటాలు, పటాలం వాడు ఇక వద్దని అమ్మేసిన సరుకు. చేపల డబ్బాకి అతికినట్టు మూత అతికేసి ఉంటుంది.

ఇంట్లో బావి మోటారు కాలిపోయింది. పక్కింటి నుంచి క్యాన్లతో నీళ్ళు మోసీ మోసీ ఆమె భుజాలు పడిపోయాయి. కొత్త మోటారు పదిహేను వందల డాలర్లట. ఈ డబ్బాలకి ఎంత అడగాలో మాత్రం బొత్తిగా తెలియదు.

"రెండు వందలు," అన్నాడు వెర్లిన్. "ఆరింటికీ కలిపి. రాయ్స్ నాకు ప్రాణస్నేహితుడు కాబట్టి ఆ మాత్రమైనా. నువ్వే చూడు చెల్లెమ్మా, రంగు వెలిసింది, అక్షరాలు చెరిగిపోయాయి, డబ్బాలు పెట్టిన చెక్కపెట్టె తాళ్ళు చీకిపోయాయి. లోపలి మందు చూస్తే పాతకాలంది, కాల్చాక కడుక్కోకపోతే తుపాకీ గొట్టాన్ని తినేస్తుంది."

"తెరవకుండా లోపలిది ఎలా తెలిసింది?" అంది ఓలీటా. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక.

"తెరిస్తే సగం ధర పోతుంది."

"తెరవకపోతే?"

"ఏముందో తెలీదు."

"అంటే తెలీనిదానికే ధరెక్కువా?"

"అదే మరి ఈ వ్యాపారం!"

ఓలీటా తల గోక్కుంది. కాఫీ బల్ల వెనకాల ఉన్న మాక్సీన్, కప్పులు నింపుతూ నవ్వింది. "వెర్లిన్‌కి తెరవక్కర్లేదు ఓలీటా. చెవి ఆనిస్తే చాలు, డబ్బా తన జాతకం తనే చెప్పేస్తుంది."

ఆ పక్కనే చిక్కుడుగింజల పులుసులో మొక్కజొన్న రొట్టె ముంచుకు తింటున్న డ్యూయీ చిన్నగా దగ్గాడు. అతనూ పాత తూటాల వ్యాపారే. ఓలీటా వైపు చూడబోయి, డబ్బా మీది చెయ్యి చూసి, మళ్ళీ పులుసులోకి తల దించేశాడు.

"అబ్బే, అంత లేదు," అన్నాడు వెర్లిన్, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "ఓసారి లూయీవిల్ సంతలో ఒక డబ్బా ఊపి చూసి, ఏ ఏడాదిదో చెప్పాను. అంతే."

"సరిగ్గా చెప్పావా?" అంది మాక్సీన్.

"ఏడాదేం ఖర్మ, నెల చెప్పాను. నెల చెప్పేసరికి చుట్టూ నలుగురు మూగారు, మూగినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపడం నాకు చేతకాదు కదా, ఇంకోసారి ఊపాను. వానపడుతున్న మంగళవారం అన్నాను. మూడోసారి ఊపి, ఇది కట్టింది ఒక ఎడంచేతి వాటం ఆడమనిషి, పొద్దున్నే మొగుడితో పోట్లాడి వచ్చింది, పైగా జలుబు, అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జలుబు కూడా వినబడిందా?"

"జలుబు కాదు, తుమ్ము! మూత అతికేటప్పుడు ఆవిడ తుమ్మింది మాక్సీన్, ఆ తుమ్ము బయటికొచ్చే దారిలేక లోపలే ఉండిపోయింది. చెవి పెడితే హాచ్ అని సన్నగా! తూటాలంటావా, ఎక్కడైనా దొరుకుతాయి. తుమ్మున్న డబ్బా ఈ భూమ్మీద అదొక్కటే. టెక్సస్ నుంచొచ్చిన పళ్ళ డాక్టరు అక్కడికక్కడే ఐదు వేలన్నాడు."

ఓలీటా తన డబ్బా వైపు చూసింది. "ఆ డబ్బాకి రంగు వెలిసిందా, అన్నా?"

"వెలవకపోతే ఎవడు కొంటాడు! వెలిసిన రంగే కదా పాతదనానికి సాక్ష్యం."

"మరి తాళ్ళు?"

"చీకిపోయున్నాయి! పళ్ళ డాక్టరు ఆ తాడు పట్టుకుని ఏడ్చాడంటే నమ్ము. చీకిన తాడుకి ఇంకో వెయ్యి వేశాడు."

ఓలీటాకి ఇంకా అయోమయమైపోయింది. ఇందాక తప్పులన్నవే ఇప్పుడు గొప్పలెలా అయ్యాయి? తన డబ్బా సరిగ్గా వెలవలేదేమో, తన తాళ్ళు చాలినంత చీకలేదేమో అనుకుంది. రాయ్స్ వాటిని గరాజులో మరీ జాగ్రత్తగా దాచాడు కూడాను.

"పళ్ళ డాక్టర్ని తోసుకుని ఇంకొకడొచ్చి తన చేపల పడవ ఇస్తానన్నాడు. వాణ్ణి తోసుకుని ఒక గుర్రాల ఆసామి, తోటా గుర్రాలూ రాసిస్తా, కావాలంటే గుర్రాల్ని మేపే మనుషుల్ని కూడా ఉంచేస్తా అన్నాడు. నేను ఊఁ అనలేదు. అక్కడితో ఆగిందనుకున్నారా? పైన డబడబమని చప్పుడు! హాలు కప్పు రేకులు లేచిపోయాయి, టోపీలు ఎగిరిపోయాయి, నా కాఫీ కప్పులోంచి లేచి పక్కవాడి కప్పులో పడింది. ఏమిటా అని చూస్తే, హెలికాప్టర్! తుమ్ము వినడానికి ఎవరో కోటీశ్వరుడు దిగుతున్నాడు. మామూలు హెలికాప్టరా అది?"

"ఎంతుంటుందేం?" అంది మాక్సీన్, కెటిల్ పక్కన పెట్టి.

"ఎంతంటే..." వెర్లిన్ కుడి చెయ్యి బార్లా చాపాడు. చాపిన చేతిని ఒకసారి చూసుకున్నాడు. చాల్లేదు. "ఒక రెక్క ఇక్కణ్ణుంచి మొదలైతే..." లేచి నిలబడ్డాడు. "ఇంకో రెక్క, ఇదిగో..." ఎడమ చెయ్యి కూడా గాల్లోకి లేచి అటు పక్కకి సాగింది. "అక్కడి దాకా!"

డ్యూయీ చెంచా కింద పెట్టాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, నింపాదిగా డబ్బా మీద పెట్టాడు.

"రెండు వందల యాభై," అన్నాడు. "ఒక్కోదానికి. ఆరూ నాకే. బయట కనుక్కున్నా ఇంతే పలుకుతాయి."

ఓలీటా వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. లెక్క వెళ్ళి వెళ్ళి సరిగ్గా మోటారు దగ్గర ఆగింది. నమ్మకం కుదరక మళ్ళీ మడిచింది. మళ్ళీ మోటారే.

"ఒరేయ్! బేరం నాది!" అరిచాడు వెర్లిన్. చేతులింకా చాపే ఉన్నాయి.

"చెయ్యి లేచింది."

"హెలికాప్టర్ చూపించడానికి లేచిందిరా! అది లెక్కలోకి రాదు. మాక్సీన్, నువ్వు చెప్పు."

"రెండూ గాల్లోనే చూశానయ్యా, మూడోది ఉంటే నాకు తెలీదు."

వెర్లిన్ ఓలీటా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వే న్యాయం చెప్పు. నేను బేరం వదిలానా?"

ఓలీటా డబ్బా చూసింది, డ్యూయీ చెయ్యి చూసింది, వెర్లిన్ రెండు చేతుల మధ్య ఉన్న ఖాళీని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"ఏమో అన్నా, నాకీ వ్యాపారం ఒక్క ముక్క అర్థం కాలేదు," అంది. "కానీ ఆ హెలికాప్టర్ కొంచెం చిన్నదైతే, ఒక్క చెయ్యి సరిపోయేది కదా."