కేకు మీద గన్నేరు

తిరుచానూరులో ఆ ఇంట పిల్లవాడి మొదటి పుట్టినరోజు. ఫోన్‌లో వీడియో చూసి కోడలు కేకు చుట్టూ పచ్చగన్నేరు పూలు గుచ్చి మురిసిపోతోంది. వంటింట్లోకి వచ్చిన అత్త గడపలోనే కొయ్యబారిపోయింది.

“ఎవురు పెట్టినారు మే ఈ పూలు?”

“నేనే అత్తా. పక్కింటోళ్ల చెట్టువి. బాగుండాయి కదా?”

“ఎవురన్నా తిన్నారా?”

“ఇంకా కొయ్యనే లేదు. ఏమైంది? రోజూ దేవుడికి పెట్టే పూలే కదా!”

“దేవుడికి పెడితే నోట్లో పెట్టుకుంటామా? పువ్వు, ఆకు, కాయ, అంతా విషం!”

“అయ్యో దేవుడా! బిడ్డకు తొలిముక్క పెట్టబోతిని…”

“గుంత తీసి పూడ్చు. కుక్కలు గూడా ముట్టకూడదు.”

కోడలు కేకు పళ్లెం ఎత్తుకోబోయి ఆగింది.

“నీకెట్ల తెలుసత్తా ఇదంతా?”

“మన వాకిట్లో గూడా ఒక చెట్టుండె. మా అక్క పోయిన దినమే మీ మామ నరికేసినాడు.”

“పటంలో ఉండే పెద్దత్తా? మామ మొదటి భార్యా? జ్వరమొచ్చి పోయిందంటిరే! రోజూ ఆ పటానికి దండేసేది నేనే కదా!”

“జ్వరమని ఊరికి చెప్పినాం మే. అక్క ఆ గన్నేరు కాయ నూరుకున్నది ఈ వంటింట్లోనే.”