అదే చప్పుడా, అత్తయ్యా?

లేదు అత్తయ్యా, ఒక్క టీకా కూడా తప్పలేదు! ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు? ఇల్లు మారాం, దేశం మారాం, టీకా తేదీ మాత్రం మారనివ్వలేదు.

ఆఁ, ఆస్పత్రిలోనే ఉన్నాం. న్యుమోనియా. ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందట. పక్కటెముకల మధ్యనుంచి గొట్టం పెట్టారు. మీ బుడంకాయ మనవడు, నోరు మూయరా అంటే మూయనివాడు, మంచినీళ్లు కూడా సైగ చేసి అడుగుతున్నాడు.

మీ అబ్బాయా? బయట నర్సుతో పోట్లాడుతున్నారు, అన్నీ వేయించాక ఇదెలా వచ్చిందని. ఆవిడేం చెబుతుంది పాపం? డాక్టరమ్మ చెప్పనే చెప్పారు. ఒకప్పుడు ఈ వార్డులో మంచానికిద్దరు పిల్లలుండేవాళ్లట. టీకాలొచ్చాక, ఇదిగో, సగం మంచాలు ఖాళీ. కానీ ఈ క్రిముల్లో బోలెడు రకాలట, టీకాకి అందనివీ ఉన్నాయట. "తగ్గిందంటే పోయిందని కాదమ్మా" అన్నారు.

నేను పోయిందనే అనుకున్నాను కదండీ! జ్వరమొస్తే సిరప్పు పోశాను. దగ్గితే వీపు నిమిరాను. మొన్న వీడియోలో మీరు "వాడి చొక్కా ఎత్తవే, డొక్కలెగరేస్తున్నాడేమో చూస్తాను" అంటే ఏమన్నాను? "మీ కాలం కాదులెండి" అన్నాను.

ఈయనకన్నా ముందు మీకో పిల్లాడు పుట్టి పోయాడని నాకు తెలుసు. ఇలా దగ్గీ దగ్గీ పోయాడనీ తెలుసు. తెలిసే అన్నాను.

అయ్యో, ఏడవకండి. మీరూ ఏడిస్తే నేనెవరితో మాట్లాడను?

చిన్నదానికి ఎల్లుండి టీకా ఉంది. దండగంటున్నారు మీ అబ్బాయి. నేను వేయిస్తాను. ఈ ఖాళీ మంచాలు చూస్తూ ఎలా మానేది? వేయించి, దాని వీపుకి చెవి ఆనించుకుని కూర్చుంటాను. నవ్వితే నవ్వనీండి.

అత్తయ్యా... వీడి ఊపిరిలో ఏదో చప్పుడు. పొద్దున లేదు. డాక్టరమ్మకి కబురు పెట్టాను, వస్తున్నారు. ఈలోగా ఫోను వాడి ఛాతీ దగ్గర పెడతాను, వినండి. మనింట్లో ఇలాంటిది విన్నవాళ్లు మీరొక్కరే.

అడగకూడదు. అయినా ఇంకెవర్ని అడగను? మీ పెద్దవాడికి చివర్లో... ఇలాగే వినిపించిందా?

అత్తయ్యా? ఉన్నారా?

వద్దు, చెప్పకండి. ఫోను మాత్రం పెట్టేయకండి.