జోగులన్న పూసిన రోడ్డు

ఏటిరా, ఆ రోడ్డు మీద అడుగెట్టొద్దంటావు, అంతేనా? ఎట్టన్లే. ఆరిందాకా ఈ గడప దిగను. నువ్వూ ఇలగొచ్చి నీడన కూకో కాసేపు, ఎండకి మొహం మాడిపోయింది. ఏటన్నావు, కొత్త రకం పూతా? ఎవడు సెప్పేడు కొత్తదని? ఓరి పిచ్చోడా, ఈ హాడో దిగుడు మీద ఈ నల్లజావ మొదట పూసినోడు మా యన్న జోగులు. అప్పటికి ట్రంకు రోడ్డు కోసం ఇంకా రంగత్ కాడ అడివి కొడతన్నారు. నువ్వు కాదు కదా, మీ యమ్మ కూడా పుట్నేదు. మా యన్న పేరు నీకెవులు సెప్తారులే. మీ తాత కన్నారావు సెప్తాడా? సెప్పడు. సెప్పకపోడమే మంచిది, ఆ నోట్లోంచి మా యన్న పేరొస్తే నాకు ఒళ్ళు మండుతాది. కోపమొచ్చిందా? వస్తే రానీ. కూకో.

మా అయ్య శ్రీకాకుళం ఒడ్డునుంచి ఓడెక్కి ఈ దీవులకి వొచ్చినోడు, వేట తప్ప ఇంకోటి తెల్దు. మా యన్నకి సూస్తే సముద్రం పడేది కాదు. డింగీ పడవ ఎక్కితే సాలు, పేగులు బయటికొచ్చినట్టు కక్కుకునేవోడు. వేటోళ్ళింట పుట్టి కెరటానికి కక్కుకుంటే ఊరుకుంటారా, వీధంతా నవ్వేది. అంచేత రోడ్డు గ్యాంగులో సేరిపోనాడు. డైలీ మజ్దూరు, రోజుకూలి. పక్కా సేస్తాం, పక్కా సేస్తాం అని ఏళ్ళు గడిపేరు. ఇప్పుడు నీకు ఉజ్జోగమంటే ఎలాగో గానీ, అప్పుడు పక్కా నౌకరీ అంటే సర్కారోడి కొడుకైపోయినట్టే, సచ్చిందాకా అన్నానికి లోటు నేదు. మా యన్నకి అంత ఆశ కూడా నేదురా. మళ్ళీ సముద్రం మీదకి పోకుండా ఉంటే సాలన్నాడు. మీ తాతదీ అదే గ్యాంగు, మా యన్న కిందే.

అప్పుడొచ్చేడు ఒక ఇంజనీరు సాబ్, ఎక్కడో ఉత్తరాదోడు. మంచోడే, నోరు మాత్రం పెద్దది. ఇక్కడెండ తార్లో జిడ్డంతా పీల్చేస్తాది, రోడ్డు బూడిదరంగుకొచ్చి పగుళ్ళిచ్చీస్తాది, ఆ పగుళ్ళలోకి వాన దిగితే పెచ్చులు లేచిపోతాది, అంచేత పాడవకముందే పల్చగా పూత పెట్టాలన్నాడట. మా యన్న అన్నం తింటా కూడా ఇదే పాఠం మాకు. రాతిపొడి, సిటికెడు సిమెంటు, డ్రమ్ముల్లో వొచ్చే తారుపాలు, నీళ్ళు, అన్నీ కలిపి అంబలిలాగ సేసి రబ్బరు పారతో లాగాలట. పోసినప్పుడు గోధుమరంగు, ఆరితే నలుపు. మా వదిన కాళమ్మ నవ్వేది, కూర సెప్పినట్టు సెప్తన్నావేటి మావా అని. ఈ దిగుడు బాగా ఒస్తే జోగులు పేరు పక్కాకి పంపుతానన్నాడు సాబ్. ఆ మాట ఇన్నాక మా వదిన నేల మీద నడవనేదు.

ఆ రోజు నాను పురిటాలిని. గుమ్మం దాటకూడదు, అక్కడే కూకోని అంతా సూసేను. ఎండ కాలిపోతంది. పూసేముందు మా యన్నే బక్కెట్టుతో రోడ్డు మీద నీళ్ళు సల్లేడు, కాలిన రోడ్డు మీద జావ పోస్తే ఉన్నపళంగా బిగిసిపోతాదని. తర్వాత పూసేరు. ఎంత బాగుందో తెలుసా, కొత్త పలక లాగ. ఎండకి పైన బేగి నల్లబడిపోయింది. అడుగున ఇంకా పచ్చిగానే ఉంది, అది ఆడోళ్ళకేటి తెలుస్తాది. మా యన్న జీపులేవీ రాకుండా ఆ పై మలుపు కాడ కాపలా కాస్తన్నాడు. మనోళ్ళలో పడవ అడుక్కి కీలు, అదే తారు, కాసి పూస్తే ఏటి సేస్తారు? ఇంటామె పసుపునీళ్ళు సల్లుద్ది, ఆనక నాలుగిళ్ళ ఆడోళ్ళు బిందెలతో నీళ్ళు కొట్టి సల్లారుస్తారు. కీలు గట్టిపడుతాది. మా వదినకి ఆ రోడ్డే పడవరా. మొగుడి పడవ. పసుపునీళ్ళు తెచ్చి సల్లింది. ఎనకాల మీ తాత తల్లి కామమ్మ పెద్ద బక్కెట్టెత్తింది, పసుపు ఒక్కటీ సాలదే పిల్లా, సల్లార్చాలి అని. ఆమెని సూసి వీధంతా. దిగుడు కదా, ఆ నల్లదంతా గోధుమరంగు నీళ్ళై కాలవలోకి పోయింది. కేకలేద్దునా అంటే, ఆళ్ళు సేసేది శుభం, నానేటి ఎరుగుదును.

మా యన్న దిగొచ్చి సూసేడు. పసుపు గిన్ని పట్టుకున్న పెళ్ళాన్ని సూసి ఇంటికి పో అన్నాడు, అంతే. సాబ్ వొచ్చి కిస్నే కియా, కిస్నే కియా, ఎవుడు సేసేడని గంతులేసేడు. మీ తాత అక్కడే ఉన్నాడు, తల్లి బక్కెట్టు గుమ్మరించడం కళ్ళారా సూసేడు, కాళ్ళకేసి సూస్తా నిల్చున్నాడు. వీధిలో బక్కెట్లన్నీ గబగబా ఇళ్ళలోకి ఎళ్ళిపోనాయి. మా యన్నే, నేనే సాబ్, ఆరిందనుకోని కడిగేసేను అన్నాడు. పీకే ఆయా క్యా, తాగొచ్చేవా అన్నాడు సాబ్. మా యన్న సుక్క ముట్టినోడు కాదు. ఆడమనుషుల పేర్లు అడుగుతారని కాబోలు, హా సాబ్ అనీసినాడు. ఛుట్టీ, పని పోయింది. ఆ పక్కా పేరు ఎవులికెళ్ళిందో నాను సెప్పక్కర్నేదు, నువ్వు సర్కారు క్వార్టర్లోనే కదా పుట్టినావు. తప్పు ఎవులిదో మీ తాత సెప్తే ఆడికి వొచ్చింది పోదా? పోనీ ఊరుకున్నారా, ఆ వీధే, ఆ బక్కెట్లెత్తినోళ్ళే, మా యన్నని తాగుబోతు జోగులన్నారు. నీ సొంత తాత కూడా. నాను ఈ సెవులతో ఇన్నాను.

మళ్ళీ సముద్రమే. ఎవుడిదో డింగీ మీద, ఒక సేత్తో వల, ఒక సేత్తో పొట్ట. మా వదినని ఒక్క మాటన్నేదురా. తిట్టుంటే ఏడ్సి ఊరుకునీది. తిట్టకుండా సంపేడు దాన్ని. కొన్నాళ్ళకి లోపల ఏదో తెగిపోయినట్టు రక్తం కక్కుకోని ఒడ్డుకొచ్చేడు, అక్కడే పోనాడు. మిట్టమజ్జానం ఎత్తేరు శవాన్ని, ఈ దిగుడు మీదే. రోడ్డు పెనం లాగుంది, మోసేవోళ్ళకి సెప్పుల్లేవు. కాళ్ళు కాలకుండా ముందు నీళ్ళు పోస్తారు కదా మనోళ్ళు, అలగే కామమ్మ బక్కెట్టెత్తింది. మా వదిన అంతవరకు కంట తడి నేదు. పరిగెట్టుకోనెళ్ళి ఆ బక్కెట్టు పట్టీసుకుంది. "పొయ్యకే పెద్దమ్మా, ఆరనియ్యి. ఆయన ఉజ్జోగం పోతాది" అంది.

అదిగో, మీ మేస్త్రీ పిలస్తన్నాడు. మీ తాతకి షుగరెలాగుందిరా?