ఉడకబెట్టిన స్వెటర్

వదిన వంటగది. పొయ్యి మీద పెద్ద గిన్నె, బల్ల నిండా ఉన్ని ముక్కలు. ఫ్యాక్టరీ నుంచి సరాసరి వచ్చిన ఆడపడుచు ఇంకా గుమ్మంలోనే ఉంది.

"అది కాదు వదినా, నిజం చెప్పు, ఏం వండుతున్నావు? తడిసిన కుక్క వాసనొస్తోంది."

"స్వెటర్."

"ఏంటీ?"

"స్వెటర్ ఉడకబెడుతున్నా. లోపలికి రా పొట్టీ, చలిగాలి కొడుతోంది, తలుపెయ్యి."

"అన్నయ్యకి ఇవాళ భోజనం అదేనా?"

"మీ అన్నయ్యకి అదైనా ఎక్కువే. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని మీద సూదులున్నాయి. ఇలా రా."

"ఉతుకుతారు గానీ ఉడకబెడతారా ఎవరైనా?"

"ఉతికితే శుభ్రమవుతుంది, ఉడికితే ముడుచుకుపోతుంది. అసలు కిటుకే అది. సలసల కాగే నీళ్ళలో వేసి కర్రతో కుళ్ళబొడిచావనుకో, పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకుని కంబళిలా మందంగా అయిపోతుంది. అప్పుడు కత్తెరతో ఎటు కోసినా పోగు ఊడదు. అంచు కుట్టక్కర్లేదు, మిషను అక్కర్లేదు. సూదీ దారం చాలు. ఏమీ చేతకానివాళ్ళు కూడా గంటలో ఒకటి చేసేస్తారు."

"మళ్ళీ సాగదా?"

"సాగదు. ఒకసారి ముడుచుకుంటే ఇక అంతే. ఇదిగో, ఇదేంటో చెప్పు చూద్దాం."

"టోపీ. పసిపిల్లలది. కానీ ఈ పక్కా ఆ పక్కా చిల్లులేంటి?"

"పిల్లలది కాదే. టీ కెటిల్‌ది. ఒక చిల్లు ముక్కుకి, ఒకటి పిడికి."

"కెటిల్‌కి టోపీ!"

"టీ గంటసేపు వేడిగా ఉంటుంది. ఇది వేడినీళ్ళ సంచికి తొడుగు. ఇదేమో పూలకుండీకి."

"పూలకుండీకి స్వెటరా?"

"అందంగా ఉంటుందని. నవ్వకు."

"నవ్వట్లేదు వదినా. పాపం కుండీకి ఎంత చలేస్తోందో అని ఆలోచిస్తున్నా."

"నీకు అన్నీ వెటకారమే. ప్రతి ఆదివారం ఈ పని నేర్చుకోవడానికి కమ్యూనిటీ హాల్లో నా ముందు పన్నెండు మంది కూర్చుంటారు, తెలుసా? డాక్టరు గారి భార్య, బ్యాంకు మేనేజరమ్మ, అలాంటి వాళ్ళు. అందరూ నన్ను టీచర్ గారూ అంటారు. పదో తరగతి తప్పినదాన్ని. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో 'ఏమే', 'ఇదిగో' తప్ప ఇంకో పిలుపు విన్నానా?"

"నేను వదినా అంటాగా."

"నువ్వు వేరు. టీ పెట్టనా?"

"ఏ పొయ్యి మీద? స్వెటర్ ఉడికాక తాగుదాంలే. అవునూ, ఇంత ఉన్ని ఎక్కడ దొరికింది నీకు?"

"దొరికింది."

"ఎక్కడ?"

"పాత బట్టల కొట్లో."

"ఏ కొట్టు?"

"ఏదో కొట్టు. బస్టాండు పక్కది."

"బస్టాండు పక్క కొట్లో అన్నీ నైలాన్‌వే. మార్కెట్ వెనక రెండు కొట్లలోనూ అంతే. వంతెన దగ్గరది మూసేసి నెలైంది."

"ఆ కొట్లన్నీ నువ్వెందుకు తిరిగావు?"

"ఊరికే."

"ఊరికే నాలుగు కొట్లా?"

"ఊరికేనన్నాగా. నా సంగతి వదిలెయ్. ఎక్కడివి ఇవి?"

"హాల్లోవి."

"మీ క్లాసు జరిగే హాలా?"

"ఆఁ. దాని వెనక గదిలో జనం బట్టలు ఇచ్చిపోతారు కదా."

"లేనివాళ్ళకి ఊరికే పంచుతారే, ఆ గదా? బుధవారం బుధవారం కిటికీ తెరిచి?"

"అదే. కిటికీ తెరవకముందు మేం నలుగురం కూర్చుని వేరు చేస్తాం. చిరిగినవీ మరకలు పడ్డవీ పక్కన పెట్టేస్తాం. ఇవి ఆ పక్కన పెట్టినవే. పారేసేవి."

"ఇది చిరిగిందా?"

"ఏది?"

"నువ్వు కోసి పడేసిన ఈ చెయ్యి. పట్టుకు చూడు. ఒక్క పోగు లేవలేదు. మోచేతి దగ్గరైనా అరగలేదు."

"కొన్ని మంచివి కూడా ఉంటాయిలే. చిరిగిందాన్ని ఉడకబెడితే చిల్లు ఇంకా పాడవుతుంది పొట్టీ. నీకు తెలీదు. అసలైన ఉన్ని కావాలి, మందంగా ఉండాలి, లేకపోతే పని కుదరదు."

"అంటే మందంగా ఉన్నవన్నీ ముందే నీ సంచిలోకి."

"అన్నీ కాదు."

"పోయిన బుధవారం ఆ కిటికీలోంచి ఒక్క స్వెటరైనా రాలేదు. చేతుల్లేని చొక్కాలొచ్చాయి. ఒకాయనకి ఈత కొట్టే నిక్కరు ఇచ్చారు. ఈ చలిలో ఈత నిక్కరు!"

"నీకెవరు చెప్పారు?"

"మా ఫ్యాక్టరీలో ఒకావిడ. లైన్లో నిలబడింది."

"ఒకావిడా?"

"ఆఁ, ఒకావిడ. నీకు తెలీదులే. చలిగదిలో పని. చేపలు పెట్టెల్లో సర్దాలి. తడిచెయ్యి గోడకి ఆనిందంటే చర్మం అంటుకుపోతుంది."

"కంపెనీ కోటు ఇవ్వదా?"

"ఇస్తుంది, ఇద్దరికొకటి. ఒకావిడ విప్పింది ఇంకొకావిడ తొడుక్కోవాలి. అప్పటికే అది చెమటతో నానిపోయి ఉంటుంది. తడి కోటుతో లోపలికెళ్ళావంటే రెండు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. వంగితే అప్పడంలా చప్పుడు. లోపల మందపాటి స్వెటర్ ఒకటుంటేనే మనిషి మనిషిగా బయటికొచ్చేది."

"మరి అడగొచ్చుగా, మనిషికొకటి ఇమ్మని?"

"అడిగింది. సూపర్‌వైజర్ బల్ల మీద ఆ కోటు పడేసి, ముందు నువ్వు తొడుక్కుని చూపించు అంది. బయట ప్యాకింగులో ఉన్న మనిషిని వాళ్ళు చలిగదికి మార్చింది అందుకే."

"నోరు ఊరుకోదన్నమాట."

"ఊరుకోదు. ఊరుకుంటే ఇంకా నెత్తికెక్కుతారు. కానీ ఒళ్ళు తట్టుకోవద్దూ? గంట కొట్టకముందే రెండుసార్లు బయటికొచ్చేసింది. మూడోసారి వస్తే మళ్ళీ గేటు తొక్కొద్దన్నారు. సోమవారం నుంచి వారమంతా చలిగదే."

"ఆవిడకి ఎవరూ లేరా?"

"ఉన్నారు."

"అన్నో, వదినో ఉంటే అడగొచ్చుగా. అడిగితే ఇవ్వరా?"

"నోరు రాలేదు."

"సూపర్‌వైజర్ ముందు వచ్చిన నోరు ఇక్కడ రాలేదా?"

"అక్కడ అడిగింది తనకి రావాల్సింది వదినా. దాన్ని అరిచి అడగొచ్చు. సొంతవాళ్ళని అడగాలంటే మాట గొంతులోనే చచ్చిపోతుంది."

"లైన్లో నిలబడటం నయమా మరి?"

"ఏం నయం? శాలువా మొహానికి చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టుకుని, ముందున్న ముసలాయన వీపు చూస్తూ నిలబడాలి. తెలిసినవాళ్ళు ఎవరైనా అటు వస్తే వంగి చెప్పు సర్దుకుంటున్నట్టు నటించాలి. మూడు బుధవారాలు. మూడుసార్లూ సరిగ్గా తన వంతు వచ్చేసరికి కిటికీ మూసేశారు. అయిపోయాయట."

"నీళ్ళు పొంగుతున్నాయి, చూడు."

"నువ్వు చూడు. నీ గిన్నె."

"ఆ కర్ర ఇలా ఇవ్వు."

"పైకెత్తు, చూద్దాం. ఇది ఎంతుండేది వదినా?"

"పెద్దదే. మగవాళ్ళది. మోకాళ్ళ దాకా వచ్చేది."

"ఎప్పుడు వేశావు ఇందులో?"

"నువ్వు తలుపు కొట్టడానికి అరగంట ముందు."

"అరగంట. సరే, ఇలా తే. నా భుజాల మీద పెట్టు."

"కాలుతుందే!"

"కాలనీ, పెట్టు. చూశావా? నాకే పట్టట్లేదు. పొట్టి అని పేరు పెట్టారు నాకు, నాకే పట్టట్లేదు."

"నీకెందుకే ఇది? నువ్వు..."

"ఆవిడా లేదు, గీవిడా లేదు వదినా. చలిగదిలో ఉన్నది నేనే. శాలువా చుట్టుకుంది నేనే. ఇవాళ సిగ్గు చంపుకుని నిన్ను అడుగుదామనే వచ్చా, అన్నయ్య పాత స్వెటరైనా ఇమ్మని. తీరా గుమ్మందాకా వచ్చి కుక్క వాసనంటూ జోకులేస్తున్నా."

"మీ అన్నయ్యది..."

"ఉంది కదా, బూడిద రంగుది?"

"అదిగో. నీ చేతి పక్కనే."

"ఇదా? వేడినీళ్ళ సంచిదా?"

"మొదట నేర్చుకున్నప్పుడు దాన్నే కోశాను."

"హు. సంచి అదృష్టవంతురాలు."

"పొట్టీ, అలా అనకు."

"ఏడవకు. నువ్వెందుకు ఏడుస్తావు? చలి నాకు."

"తలెత్తలేకపోతున్నానే."

"ఎత్తు. తల దించుకోవాల్సినవాడు దించుకోవట్లేదు. ఇద్దరికొక కోటు పడేసినవాడు హాయిగా తిరుగుతున్నాడు. మనం మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక చస్తున్నాం. అలాగని నీది తప్పు కాదనను. తప్పే. వచ్చే బుధవారం మందపాటివి ఉన్నవున్నట్టే కిటికీలోంచి ఇవ్వు. మీ డాక్టరమ్మ కెటిల్ నాలుగు రోజులు బోడితలతో ఉంటే చచ్చిపోదు."

"ఇస్తాను. ఒట్టు. అన్నీ ఇచ్చేస్తాను."

"లే, మొహం కడుక్కో. నీ మీద నాకు కోపం లేదులే. గది లోపల బట్టల గుట్టల మధ్య కూర్చుంటావు, బయట ఎవరున్నారో నీకేం తెలుస్తుంది? నన్ను చూసుంటే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళేదానివి. ఆ మాత్రం నాకు తెలీదా?"

"చూశాను."

"ఏంటీ?"

"మొదటి బుధవారమే గుర్తుపట్టాను. శాలువా చుట్టుకుంటే మాత్రం, చేతులు చంకల్లో పెట్టుకుని నువ్వు నిలబడే తీరు నాకు తెలీదా? పక్కన డాక్టరు గారి భార్య ఉంది. 'ఆవిడ మీకు తెలుసా టీచర్ గారూ' అంది. తెలీదన్నాను. మూడుసార్లూ నీ వంతు రాకముందే కిటికీ మూసింది నేనే."