పిస్తోలు స్ప్రింగు తూకం తెలిసిన ఏసేపు గారు

1913వ సంవత్సరం జూలై నెల ఏడవ తేదీ, సోమవారం ఉదయాన, శ్రీ ఏసేపు గారు కర్నూలులోని మన పోలీసు ఆయుధశాలలో సహాయ మిస్త్రీగా ప్రవేశించారు. నంద్యాల మిషను బడిలో చదువును, తండ్రిగారి కొలిమి వద్ద ఇనుప పనిని నేర్చిన వారికి అప్పటికి ఇరవై రెండేండ్లు. ముప్పది మూడేండ్ల అనంతరం, ఈ జూన్ ముప్పదవ తేదీన, మసకబారిన చూపుతో, ఆకురాయి పట్టి పట్టి వంగిపోయిన కుడి భుజంతో వారు మన వద్ద సెలవు పుచ్చుకొంటున్నారు.

మొదటి పదేండ్లు తుపాకుల కర్రపిడులు అతకడంలోను, తుప్పు వదిలించడంలోను గడిచాయి. 1914 నాటి యుద్ధం ముగిసి అధికారుల నడుములకు కొత్తరకం పిస్తోళ్లు వచ్చిన తరువాతనే వారి ప్రజ్ఞ వెల్లడి అయింది. తూటా పేలిన దెబ్బకే పై తొడుగు వెనుకకు జరిగి, ఖాళీ డొల్లను బయటికి విసరి, స్ప్రింగు బలంతో ముందుకు వచ్చి మరొక తూటాను ఎక్కించుకొనే యంత్రమది. స్ప్రింగు మెత్తనైతే తొడుగు గట్టిగా కొట్టుకొని కొన్నాళ్లకు పగులుతుంది. మరీ గట్టిదైతే తొడుగు పూర్తిగా వెనుకకు పోదు, డొల్ల ఇరుక్కొంటుంది. ఏసేపు గారు ప్రతి స్ప్రింగును సీసపు గుండ్ల సంచి బరువుతో అదిమి తూచేవారు. పిమ్మట వాడబోయే తూటాలతోనే కాల్చి, డొల్లలు ఎన్ని అడుగుల దూరాన పడినవో చూచి గాని సంతకం చేసేవారు కారు.

1925 వేసవిలో ఒక అధికారి, నేడు వారు లేరు, పేరు అనవసరం, తమ మణికట్టు నొప్పికి, పేలినప్పుడు పిస్తోలు వెనక్కి తన్నే దెబ్బ తగ్గాలని, పదహారు పౌన్ల స్ప్రింగు తీసి ఇరవై రెండు పౌన్లది బిగించమన్నారు.

“దొరా, మన కాడ ఉండేవి పాత తూటాలు. ఎండలకు వాటి బలం తగ్గిపోయిండాది. ఇంత గట్టి స్ప్రింగును అవి తోయలేవు” అన్నారు ఏసేపు గారు.

“చెప్పిన పని చేయి. లేకుంటే ఇంటికి పో.”

వారు బిగించారు. గుమస్తానైన నేను అదే గదిలో తల వంచుకొని రాసుకొంటూ, ఏమీ విననట్లు ఊరకున్నాను.

పదకొండు దినాలకు, అహోబిలం యాత్రికులను దోచే దొంగలను పట్టబోయిన చోట, ఆ పిస్తోలు ఒక్కసారి పేలి రెండవసారికి బిగుసుకొన్నది. అధికారి మీదికి దూసిన మచ్చుకత్తికి కానిస్టేబులు సుంకన్న అడ్డుపోయాడు. అతని ఎడమచేయి మరి పనికి రాలేదు. పిస్తోలు తుడిచేవాడు సుంకన్నే గనుక అతని అజాగ్రత్త వల్లనే ఇది జరిగిందని ఆ అధికారి రాసి పంపారు. చేయి పోయిన మనిషికి ఇక ఉద్యోగమూ పింఛనూ పోయే పరిస్థితి వచ్చింది.

విచారణకు ఏసేపు గారిని ఎవరూ పిలవలేదు. వారే రెండు స్ప్రింగులను గుడ్డలో చుట్టుకొని వచ్చి, విచారణాధికారి ఎదుట కవాతు మైదానంలో కాల్చి చూపారు. గట్టి స్ప్రింగుతో మూడవ తూటాకే డొల్ల ఇరుక్కొన్నది. పాతదానితో ఏడు తూటాలూ పేలినవి.

“తెలిసీ ఎందుకు బిగించినావు?” అని అడిగారు విచారణాధికారి.

“వద్దని ముందే చెప్తిని. ఇంటికి పొమ్మంటే ఉద్యోగం పోతాదని భయపడినా, దొరా. తప్పు తుడిచినోనిది కాదు, బిగించినోనిది.”

“ముందే హెచ్చరించితినంటివి. విన్నవారు ఎవరైనా ఉన్నారా?”

ఏసేపు గారు నా వైపు చూడలేదు. “ఎవరూ లేరు, దొరా” అన్నారు.

ఆ విచారణను రాస్తున్న కలం నాదే. ఆ మాటను కూడా నేనే రాశాను.

సుంకన్నకు పింఛను దక్కింది. ఏసేపు గారిని కడపకు బదిలీ చేశారు. ప్రధాన మిస్త్రీ పదవి తొమ్మిదేండ్లు వారికి అందలేదు. 1931లో నేనూ కడప చేరి, ఆనాడు అట్లెందుకు చెప్పారని ఒక మధ్యాహ్నం అడిగాను. వారు ఆకురాయి పక్కన పెట్టారు.

“నీకు ముగ్గురు బిడ్లు గదప్పా తిమ్మయ్యా. నిన్ను కూడా ఈడ్చేది యాలనుకొంటి. ఇంగ ఆ మాట వద్దు. శానా అలిసిపోయిండా.”

మొన్న ముగిసిన యుద్ధం ఆరేండ్లూ పని రెట్టింపై, మనుషులు సగమై, ఆ అలసట వారిని విడవనే లేదు. అయినను, వారు వద్దన్న ఆ మాటను, వారి సహోద్యోగులును, కుటుంబసభ్యులును చదివే ఈ సంచికలో, ఇరవై ఒక్క ఏండ్లు ఆలస్యంగా రాస్తున్నాను: ఆ హెచ్చరికను నేను విన్నాను. అచ్చుకు ముందు ఈ వాక్యం వారికి చదివి వినిపించాను. “ఉండనీలే, విశ్వాసమ్మ చదువుకొంటాది” అన్నారు.

ఆ విశ్వాసమ్మ గారితో, తమ ధర్మపత్నితో, వారు నంద్యాల దగ్గరి స్వగ్రామానికి మరలిపోతున్నారు. ఆ ఇరువురికి దైవం, తిన్న అన్నం అరిగే ఆరోగ్యమును, పట్టపగలు కూడా వచ్చే నిద్రను, ఇన్నేండ్ల అలసట పూర్తిగా తీరిన తరువాత కూడా ఇంకను ఎంతో మిగిలి ఉండేటంతటి దీర్ఘాయుష్షును ప్రసాదించుగాక.