పల్లంలో ఇల్లు

మద్రాసులో వరదలని రేడియోలో విన్నప్పటినుంచి ఆయనకు ముద్ద దిగలేదు. కుప్పం బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులో కూతురి సెల్లు కలిసి ఆమె గొంతు వినగానే ఊరి దేవత గంగమ్మను తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు.

"యాడుండావమ్మా?"

"ఇస్కూలు మిద్దె మీద, నాయనా. అందరం బాగుండాము. ఏడవొద్దు."

"ఎవురేడుస్తాండారు? ఇల్లెట్లుండాది?"

"కిటికీల దాకా నీళ్ళు. పల్లంలో ఉండే ఇండ్లు యావో కాలనీవాళ్ళు ఎండాకాలంలోనే రాసిపెట్టుకోనుండారు. వాన ముదరకముందే మమ్మల్ని ఈడికి తెచ్చినారు."

"దేవుడట్లా మనుషులు!"

"ఆ ఇల్లే కావాలన్నోడివి నువ్వే గదా! బాయిలో చేతికందే నీళ్ళు సూసి టెంకాయ గూడా కొడితివి."

"మన పక్క ఎంత లోతు బోరేసినా దుమ్మే గదమ్మా. నీళ్ళుండే సోటు మంచిదనుకొంటి. ఈ యేడు వానకని గంగమ్మకు మొక్కుకొంటి గూడా. ఆ తల్లి దారి తప్పి మీ ఊర్లో కురిపించిందా ఏమి?"

"ఆయమ్మనేమీ అనొద్దులే. నీళ్ళు తగ్గినాక మారేదానికి ఈ పక్కనే మూడో అంతస్తులో ఇల్లు సూసినాము. కుళాయి కిందే ఉండాది, బిందెలు మోసుకోవల్ల."

"తీసుకోండమ్మా. నేనొచ్చి మోస్తా."